భాషకు కర్త ఎవరు? : నిర్మిత భాషల చరిత్రలో అభ్యాసకుల పాత్ర

వ్యాససంగ్రహం:

ఉపాధి కోసమో, చదువులోని నిర్బంధం వల్లనో కాక కేవలం ఇష్టంతో భాషలు నేర్చుకొనే వ్యాసంగానికి దీర్ఘమైన చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్ది చివరి నుంచి ఈ వ్యాసంగం సహజ భాషలను దాటి, వ్యక్తులు కల్పించిన భాషలకూ విస్తరించింది. ఇటువంటి నిర్మిత భాషల జయాపజయాలను సాధారణంగా వ్యాకరణ సౌలభ్యంతో కొలవడం జరుగుతున్నది. నిర్మాత తన సృష్టిపై హక్కును ఎంతమేరకు వదులుకొన్నాడు, అభ్యాసకులు దానిని ఎంతమేరకు సొంతం చేసుకొన్నారు అన్న ప్రశ్న అంతకంటె కీలకమైనదని ప్రతిపాదిస్తూ, వోలాప్యుక్, ఎస్పెరాంతో, లాగ్లాన్, క్లింగాన్ తదితర భాషల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నిర్మిత భాష, అభ్యాసకుడు, భాషా యాజమాన్యం, వ్యాకరణ ప్రామాణ్యం, ఎస్పెరాంతో, సవర.

1. ప్రవేశిక

గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆయన ఉద్యోగంలో సవర భాష నేర్చుకోవలసిన అవసరం ఏ కోశానా లేదు. చుట్టుపక్కల కొండల మీది సవరలతో మాట్లాడాలన్న కోరికే ఆయన చేత ఆ పని చేయించింది. తెలుగూ సవరా తెలిసిన వ్యక్తిని ఇంట పెట్టుకొని ఆ భాష అభ్యసించారు. సవర తెలుగుకు బంధువు కాదు. ద్రావిడ కుటుంబానికి వెలుపలి ముండా భాష. తెలుగు చెవికి అలవాటు లేని ధ్వనులు, లిపి లేకపోవడం, నేర్చుకోవడానికి పుస్తకమే లేకపోవడం వంటి అడ్డంకులన్నీ ఉన్నా, ఇష్టంగా మొదలైన ఆ పని 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువుగా పరిణమించింది. తెలుగు దేశంలో అవసరం లేని భాషను కేవలం ఆసక్తితో నేర్చుకొన్నవారి ప్రస్తావన వస్తే ముందుగా చెప్పుకోదగిన ఉదాహరణ ఇదే.

ఐరోపాలో ఇటువంటివారి పేర్లు తరచుగా అంకెలతో ముడిపడి వినిపిస్తాయి. బొలోన్యా నగరానికి చెందిన కార్డినల్ జుసెప్పె మెజ్జోఫాంతి (1774-1849) పదుల సంఖ్యలో భాషలు మాట్లాడేవాడని సమకాలికులు ఆశ్చర్యపడ్డారు. ఎన్ని భాషలన్న లెక్క మీద వాదోపవాదాలు ఇప్పటికీ తెగలేదు. నిజానికి ఆ లెక్క అంత ముఖ్యమైనది కాదు. మెజ్జోఫాంతికీ గిడుగుకూ సమానమైన స్థితి ఒకటి ఉంది. ఇద్దరూ తాము నేర్చుకొన్న భాషలకు అతిథులు. ఆ భాషలు అప్పటికే ఉన్నాయి. వాటిని పుట్టుకతో మాట్లాడేవారు ఉన్నారు. ఏది ఒప్పో ఏది తప్పో తేల్చవలసింది వారే. అభ్యాసకుడు ఎంత ప్రతిభావంతుడైనా ఆ ఇంటికి యజమాని కాలేడు.

నిర్మిత భాష దగ్గర ఈ స్థితి తారుమారు అవుతుంది. అక్కడ ఇల్లు కట్టినవాడు ఒక్కడు. ఉండవలసినవారు ఇంకా రాలేదు. వచ్చినవారంతా నేర్చుకొనేందుకు వచ్చినవారే. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవారు లేనప్పుడు తప్పొప్పులను నిర్ణయించేది ఎవరు? కట్టినవాడా, కాపురం ఉన్నవారా? గత 140 ఏళ్ల నిర్మిత భాషల చరిత్రలో పెద్ద తగాదాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

2. వోలాప్యుక్ : నిషేధాధికారం

యోహాన్ మార్టిన్ ష్లైయర్ (1831-1912) దక్షిణ జర్మనీలో కోన్‌స్టాంట్స్ నగర సమీపాన లిట్సెల్‌స్టెట్టెన్ గ్రామంలో కేథలిక్ మతగురువు. యాభైకి పైగా భాషలతో ఆయనకు పరిచయం ఉందని ప్రతీతి. 1879లో ఒక నిద్ర పట్టని రాత్రి ప్రపంచ భాష స్వరూపం మొత్తం తన మనసులో రూపుకట్టిందని ఆయన చెప్పుకొన్నాడు. మరుసటి ఏడాది పుస్తకం వెలువడింది. భాష పేరులోనే దాని నిర్మాణం కనిపిస్తుంది. 'వోల్' అంటే లోకం. 'ప్యుక్' అంటే భాష. నడుమ ఉన్న 'ఆ' షష్ఠీ విభక్తి ప్రత్యయం. లోకపు భాష అని అర్థం. ఈ రెండు మాటలూ ఇంగ్లీషులోని 'వరల్డ్', 'స్పీక్' అనే మాటల నుంచి వచ్చినవే అయినా ఏ ఇంగ్లీషువాడూ వాటిని గుర్తుపట్టలేడు. చైనీయులకు కష్టమవుతుందని ష్లైయర్ రకారాన్ని సాధ్యమైనంతవరకు తొలగించాడు. అదే సమయంలో జర్మనులకు తప్ప చాలామందికి నోరు తిరగని అచ్చులను మాత్రం ఉంచుకొన్నాడు. ఇతరుల కష్టాన్ని ఊహించగలిగిన మనిషికి తన అలవాటు మరొకరికి కష్టమని తోచకపోవడం భాషానిర్మాతలలో తరచుగా కనిపించే లక్షణం.

అయినా జనం నేర్చుకొన్నారు. ఈ విషయాన్ని నేటి పరిశోధకులు తేలికగా దాటిపోతుంటారు. 1889 నాటికి 283 సంఘాలు, 25 పత్రికలు, 25 భాషలలో 316 పాఠ్యపుస్తకాలు ఉన్నట్లు ఉద్యమకారులు లెక్క చెప్పారు. ఉద్యమకారుల లెక్కలలో ఉత్సాహపు పాలు కొంత తగ్గించుకొని చూసినా అది చిన్న సంఖ్య కాదు. ఈ భాష నేర్చుకొంటే ఉద్యోగం రాదు, పట్టా రాదు. సాయంకాలపు తరగతులకు వెళ్లి నాలుగు విభక్తులు వల్లెవేసినవారు ఇష్టం కొద్దీ వల్లెవేసినవారే.

1884లో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో, 1887లో మ్యూనిక్‌లో, 1889లో పారిస్‌లో మహాసభలు జరిగాయి. మొదటి రెండు సభల వ్యవహారం జర్మన్‌లో సాగింది. పారిస్ సభలో వోలాప్యుక్‌లోనే మాట్లాడారు. భాష నిజంగా భాష అయింది ఆ సభలోనే. పతనం ఆరంభమైందీ అక్కడే. మాట్లాడడం మొదలుపెట్టినవారికి ఎక్కడ మెట్ట ఉందో, ఎక్కడ పల్లం ఉందో తెలిసింది. అకాడమీ అధ్యక్షుడైన ఒగ్యుస్త్ కెర్క్‌హాఫ్స్ వ్యాకరణాన్ని సరళం చేయాలన్నాడు. గూఢలిపి శాస్త్రంలో నేటికీ ఆయన పేరిట ఒక సూత్రం ఉంది. విధానం బహిరంగమైనా తాళపుచెవి మాత్రమే రహస్యంగా ఉంటే చాలునన్నది దాని సారం. వోలాప్యుక్ విషయంలో ఆ తాళపుచెవి తన చేతిలోనే ఉండాలని ష్లైయర్ పట్టుపట్టాడు. ఏ మార్పునైనా తోసిపుచ్చే నిషేధాధికారం తనకు ఉండాలన్నాడు. అకాడమీ ఒప్పుకోలేదు. 1891లో కెర్క్‌హాఫ్స్ తప్పుకొన్నాడు. మిగిలిన అకాడమీ క్రమంగా భాషను ఎంతగా మార్చిందంటే చివరకు అది 'ఇడియమ్ న్యూట్రల్' అనే వేరొక భాషగా తేలింది. ష్లైయర్ తన భాషతో ఒంటరిగా మిగిలాడు.

వోలాప్యుక్ కష్టమైన భాష కనుక చనిపోయిందన్న వివరణ పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. పై సంఘటనల క్రమం ఆ వివరణను పూర్తిగా సమర్థించదు. కష్టమైన కాలంలోనే అది పెరిగింది. సరళం చేద్దామన్న ప్రయత్నానికి దారి దొరకనప్పుడు కూలింది.

3. ఎస్పెరాంతో : వదులుకొన్న హక్కు

1887 జులైలో వార్సాలో నలభై పుటల రష్యన్ పుస్తకం ఒకటి వెలువడింది. రచయిత పేరు 'డాక్టర్ ఎస్పెరాంతో', అంటే 'ఆశపడేవాడు'. అసలు పేరు లుడ్విక్ లాజరస్ జామెన్‌హోఫ్ (1859-1917), వృత్తి కంటివైద్యం. అచ్చు ఖర్చు మామగారు ఇచ్చిన కట్నపు సొమ్ములోనుంచి వచ్చింది. ఆయన పుట్టిన బ్యాలిస్తాక్ నగరంలో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడే జనం పక్కపక్క వీధులలో ఉంటూ ఒకరినొకరు అనుమానించుకొనేవారు. యూదు బాలుడిగా ఆ అనుమానాల భారం ఆయనకు బాగా తెలుసు.

పుస్తకంలో 16 వ్యాకరణ సూత్రాలు, సుమారు 900 ధాతువులు ఉన్నాయి. నామవాచకాలన్నీ ఓకారాంతాలు, విశేషణాలన్నీ ఆకారాంతాలు. ద్వితీయా విభక్తికి నకారం చేరుతుంది. 'హుండో' అంటే కుక్క, 'కాటో' అంటే పిల్లి. 'లా హుండో విదాస్ లా కాటోన్' అంటే కుక్క పిల్లిని చూస్తుంది. ప్రత్యయం ఉన్నందువల్ల 'లా కాటోన్ విదాస్ లా హుండో' అన్నా అర్థం చెడదు. తెలుగులో 'పిల్లిని కుక్క చూస్తుంది' అన్నట్లే. ఆ నకారం ఇంగ్లీషు, ఫ్రెంచి వారిని నూరేళ్లుగా ఇబ్బంది పెడుతున్నా, 'ని', 'ను'లతో పెరిగినవారికి అది ఇబ్బందే కాదు. పదనిర్మాణం కూడా అతుకుల పద్ధతే. 'సానా' అంటే ఆరోగ్యం కలది. 'మాల్' అనే ఉపసర్గ వ్యతిరేకార్థాన్నిస్తుంది. 'ఉల్' మనిషిని, 'ఎయ్' చోటును తెలుపుతాయి. నాలుగూ కలిపి చివర ఓకారం చేరిస్తే 'మాల్‌సానులేయో', అంటే అనారోగ్యం కలవారుండే చోటు, ఆసుపత్రి.

ఈ పుస్తకంలో వ్యాకరణం కంటె ముఖ్యమైన వాక్యం మొదట్లోనే ఉంది. ఏ జాతి భాష అయినా సమాజపు సొత్తే. అంతర్జాతీయ భాష కూడా అంతే. కనుక రచయిత దానిపై తన సొంత హక్కులన్నిటినీ శాశ్వతంగా వదులుకొంటున్నాడన్నది ఆ ప్రకటన సారాంశం. దానికి తోడు ప్రతిజ్ఞాపత్రాలు కూడా పుస్తకంలో అచ్చయ్యాయి. కోటిమంది ప్రతిజ్ఞ చేస్తే తానూ నేర్చుకొంటానని పాఠకుడు సంతకం చేసి పంపాలి. కోటి సంతకాలు రాలేదు. 1889లో ప్రచురించిన తొలి చిరునామాల పట్టికలో వెయ్యి పేర్లు ఉన్నాయి. కోటి కోసం ఆగకుండా నేర్చుకొన్న ఆ కొద్దిమందితోనే భాష ప్రారంభమైంది. వారిలో కొందరు వోలాప్యుక్ శిథిలాల నుంచి వచ్చినవారు. న్యూరెంబర్గ్‌లోని వోలాప్యుక్ సంఘం 1888లో ఎస్పెరాంతో పక్షానికి మారింది. ప్రపంచంలో మొదటి ఎస్పెరాంతో సంఘం అదే. మొదటి పత్రిక కూడా మరుసటి ఏడాది ఆ ఊరి నుంచే వచ్చింది.

హక్కులు వదులుకొన్నానన్న మాటకు పరీక్ష 1894లో ఎదురైంది. సంస్కరణలు కావాలన్న ఒత్తిడి పెరిగినప్పుడు జామెన్‌హోఫ్ ఒక ముసాయిదాను పత్రికలో ప్రకటించి చందాదారులను ఓటు అడిగాడు. ఆ ముసాయిదాలో టోపీ గుర్తుల అక్షరాలను, ద్వితీయా విభక్తి ప్రత్యయాన్ని తొలగించాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి. 264 ఓట్లు వచ్చాయి. అందులో 157 మంది ఏ మార్పూ వద్దన్నారు. నిర్మాత స్వయంగా ముందుంచిన ముసాయిదాను అభ్యాసకులు తిరస్కరించారు, నిర్మాత తలవంచాడు. పారిస్‌లో ష్లైయర్ నిషేధాధికారం కోరి అప్పటికి అయిదేళ్లే. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు భాషల భవిష్యత్తుకు వేరే వివరణ పెద్దగా అక్కర లేదు.

1905లో ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో జరిగిన తొలి ప్రపంచ మహాసభకు 20 దేశాల నుంచి 688 మంది వచ్చారు. ఉత్తరాలలో మాత్రమే తెలిసిన భాషను మొదటిసారి ఒకరి నోట ఒకరు విన్నారు. ఆ సభలో తీసుకొన్న నిర్ణయం పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. 'ఫుందమెంతో' అనే ఆధారగ్రంథాన్ని భాషకు పునాదిగా ఆమోదించి, దానిని మార్చే హక్కు ఎవరికీ, నిర్మాతకు సైతం, లేదని తీర్మానించారు.

తెలుగు భాషా చరిత్ర చదివినవారికి ఇక్కడ ఒక ఆలోచన కలగడం సహజం. సరిగ్గా ఆ దశాబ్దంలోనే గిడుగు, గురజాడ ప్రభృతులు వ్యాకరణపు కట్లను ప్రశ్నించసాగారు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం వాడుకను శాసించరాదన్నది వారి వాదం. ఒకచోట జనం కట్లు తెంచుకోవాలంటుండగా మరొకచోట కోరి కట్లు వేసుకొన్నారు. ఇవి పరస్పర విరుద్ధాలు కావు. కోట్లమంది నిత్యం మాట్లాడే భాషకు స్థిరవ్యాకరణాన్ని విధిస్తే అధికారం కొద్దిమంది పండితుల చేతికి పోతుంది. పుట్టుకతో మాట్లాడేవారే లేని భాషకు స్థిరమైన పునాది లేకపోతే అధికారం ప్రతి కొత్త సంస్కర్త చేతికీ పోతుంది. బులోన్‌లో కదపరాదన్నది పునాదిని మాత్రమే. దానిమీద కొత్త పదాలను చేర్చుకొనే స్వేచ్ఛ అలాగే ఉంది. రెండు ఉద్యమాలూ రక్షించదలచింది వాడుకరినే.

ఈ పునాది ఎంత గట్టిదో రెండేళ్లకే తేలింది. లూయీ కుతురా నడిపిన ప్రతినిధి సంఘం 1907లో అంతర్జాతీయ భాషను ఎంపిక చేయడానికి సమావేశమై, ఎస్పెరాంతోను సవరించిన రూపాన్ని ముందుకు తెచ్చింది. అదే 'ఇదో', ఎస్పెరాంతోలో ఆ మాటకు 'సంతానం' అని అర్థం. ఓట్టో యెస్పర్సన్ వంటి మహాభాషావేత్త దాని పక్షం వహించాడు. ఉద్యమ నాయకులలో చెప్పుకోదగిన సంఖ్యలో అటు వెళ్లారు. మామూలు అభ్యాసకులలో అత్యధికులు కదలలేదు. శాస్త్రీయంగా ఇదో మెరుగైనదని ఒప్పుకొన్నా ఒరిగేది లేదు. ఒకసారి మెరుగుపరచడం మొదలుపెట్టినవారు ఎక్కడ ఆగాలో చెప్పలేకపోయారు. సవరణల మీద సవరణలు వచ్చాయి. యెస్పర్సన్ కూడా తృప్తి పడక 1928లో 'నోవియల్' అనే మరో భాషను సొంతంగా ప్రకటించాడు. కుతురా 1914 ఆగస్టులో, ప్రపంచ యుద్ధం మొదలైన రోజులలో, సైనిక సమీకరణ ఉత్తర్వులు తీసుకువెళ్తున్న కారు ఢీకొని మరణించాడు.

అభిరుచి అన్న మాటలో కొంత తేలికదనం ధ్వనిస్తుంది. ఇరవయ్యో శతాబ్ది నియంతలు మాత్రం దానిని తేలికగా తీసుకోలేదు. విదేశీయులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే అలవాటే వారి దృష్టిలో నేరమైంది. నాజీ ప్రభుత్వం 1936లో ఎస్పెరాంతో సంఘాలను రద్దు చేసింది. సోవియట్ రష్యాలో ఒకప్పుడు ప్రోత్సాహం పొందిన ఉద్యమం 1937-38 నాటి సంహారకాండలో తుడిచిపెట్టుకుపోయింది. సోవియట్ సంఘానికి నాయకత్వం వహించిన ఎర్నెస్ట్ ద్రేజెన్‌ను 1937లో కాల్చి చంపారు. జామెన్‌హోఫ్ కుమారుడు ఆడమ్‌ను 1940లో వార్సా దగ్గర నాజీలు కాల్చి చంపారు. కుమార్తెలు జోఫియా, లిదియా 1942లో ట్రెబ్లింకా మృత్యుశిబిరంలో హతులయ్యారు. నిర్మాత కుటుంబం దాదాపు నిర్మూలమైంది. భాష మిగిలింది. దాని వారసత్వం రక్తసంబంధం మీద ఆధారపడి లేకపోవడమే అందుకు కారణం.

యుద్ధానంతరం ఆ భాషలో వచ్చిన మార్పులు నిర్మాత ఊహించినవి కావు. దేశనామాలకు జామెన్‌హోఫ్ 'ఉయో' అనే ప్రత్యయాన్ని ఇచ్చాడు. వాడుకరులలో చాలామంది క్రమంగా 'ఇయో' వైపు మొగ్గారు. కంప్యూటరుకు తొలుత అనేక మాటలు పోటీపడ్డాయి. చివరకు ధాతువుకు సాధనార్థక ప్రత్యయం చేర్చిన 'కొంపుతీలో' నిలిచింది. పదాన్ని నిలబెట్టింది ఏ సంఘమూ కాదు, వాడుకే. ఎస్పెరాంతో ద్వారా పరిచయమై వివాహమాడిన వేర్వేరు భాషలవారి ఇళ్లలో పిల్లలు దానిని పుట్టుభాషలలో ఒకటిగా పొందారు. పెద్దల వ్యాసంగం పిల్లలకు మాతృభాష కావడం భాషాశాస్త్రవేత్తలకు అరుదైన పరిశీలనాంశం.

4. టోల్కీన్ అభిప్రాయం : ఒక పునర్విచారణ

నిర్మిత భాషలకు మరో పాయ ఉంది. అది లోకం కోసం కాదు, తన కోసం. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1931లో పెంబ్రోక్ కళాశాలలోని సభలో ఈ విషయం మీద ప్రసంగించాడు. భాషలను కల్పించుకోవడం తనకున్న రహస్య వ్యసనమని ఆ ప్రసంగంలో ఒప్పుకొన్నాడు. యుద్ధకాలపు సైనిక శిక్షణ పాఠం మధ్యలో, పక్కన కూర్చున్న చిన్నపాటి మనిషి హఠాత్తుగా, ద్వితీయా విభక్తిని ఉపసర్గతో సూచిస్తానని తనలో తాను అనుకోవడం విన్నానని ఆయన అందులో చెప్పిన ముచ్చట ప్రసిద్ధం. బాల్యంలో ఎస్పెరాంతో నేర్చుకొన్నాడు. విద్యార్థిగా గ్రంథాలయంలో దొరికిన ఫిన్నిష్ వ్యాకరణం ఆయనను పరవశింపజేసింది. 'క్వెన్యా' అనే కల్పిత భాష ధ్వనుల మీద ఆ ఫిన్నిష్ ముద్ర స్పష్టంగా ఉంది. ఒక సహజ భాషను ఇష్టంతో నేర్చుకోవడం, ఒక భాషను ఇష్టంతో కల్పించడం ఒకే మనిషిలో ఎలా ఒకదానినుంచి మరొకటి పుట్టాయో దీనివల్ల తెలుస్తుంది.

అదే టోల్కీన్ 1956లో రాసిన ఉత్తరంలో వోలాప్యుక్, ఎస్పెరాంతో, ఇదో, నోవియల్ భాషలు మృతభాషలనీ, వాటి నిర్మాతలు పురాణగాథలను సృష్టించకపోవడమే కారణమనీ తేల్చాడు. కల్పిత భాషల అభిమానులు ఈ అభిప్రాయాన్ని ఆప్తవాక్యంలా ఉటంకిస్తుంటారు. వాస్తవం దానికి అనుకూలంగా లేదు. అదే 1956లో స్కాట్లండుకు చెందిన విలియం ఆల్డ్ ఎస్పెరాంతోలో 'లా ఇన్‌ఫానా రాసో' అనే దీర్ఘకావ్యాన్ని ప్రచురించాడు. ఆ కవిని తరువాతి కాలంలో నోబెల్ సాహిత్య పురస్కారానికి ప్రతిపాదించారు కూడా. సాహిత్యం భాషకు అవసరమన్నంతవరకు టోల్కీన్ మాట సరైనదే. ఆ సాహిత్యాన్ని నిర్మాతే ఇవ్వాలన్నది సరికాదు. ఎస్పెరాంతోకు కావ్యాలను ఇచ్చినవారు దానిని నేర్చుకొన్నవారు.

క్వెన్యా స్థితి దీనికి భిన్నం. టోల్కీన్ జీవితాంతం తన భాషలను మారుస్తూనే ఉన్నాడు. పూర్తి వ్యాకరణాన్ని ఎన్నడూ ప్రకటించలేదు. ఆయన రాతప్రతులు మరణానంతరం విడతలు విడతలుగా వెలువడుతున్నాయి. ఈ భాష నేర్చుకొనేవారి పని శాసన పరిష్కర్తల పనిని పోలి ఉంటుంది. ఏ రూపం తొలినాటిది, ఏది రచయిత కొట్టివేసినది అన్న పాఠనిర్ణయం ముందు జరగాలి. లేని మాటలను కూర్చుకొని కవిత్వం రాసేవారు ఒక పక్షం. కర్త రాయని రూపాన్ని వాడడం అపచారమనేవారు మరో పక్షం. యజమాని వెళ్లిపోయిన ఇంట్లో గోడకు మేకు కొట్టవచ్చునా అన్నట్లుంటుంది ఆ చర్చ.

5. న్యాయస్థానం ముందు భాష

యాజమాన్య ప్రశ్న అక్షరాలా న్యాయస్థానానికి ఎక్కిన ఉదంతాలు రెండు ఉన్నాయి.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో 'లాగ్లాన్' అనే తార్కిక భాష నిర్మాణం ప్రారంభించాడు. భాష ఆలోచనను నియంత్రిస్తుందా అన్న సేపిర్-వార్ఫ్ ప్రతిపాదనను పరీక్షించడం ఆయన ఉద్దేశం. 1960లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో వచ్చిన వ్యాసంతో ఔత్సాహికులు చేరారు. ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసినవారు తమ శ్రమఫలం తమకూ చెందాలన్నారు. బ్రౌన్ పదజాలంపై హక్కు తనదేనన్నాడు. 1987లో విడిపోయినవారు ఒక్కొక్క మాటనూ మొదటి నుంచి మళ్లీ కల్పించుకొని 'లోజ్‌బాన్' నిర్మించారు. చైనీస్, ఇంగ్లీషు, హిందీ, స్పానిష్, రష్యన్, అరబిక్ భాషల ధ్వనులను గణన పద్ధతిలో కలిపి 1,300కు పైగా మూలపదాలను రూపొందించారు. ఆ భాషలో ప్రతి మూలపదానికీ కొన్ని స్థానాలు ఉంటాయి. వెళ్లడమనే అర్థంగల 'క్లామా'కు వెళ్లేవాడు, గమ్యం, బయలుదేరిన చోటు, దారి, సాధనం అని అయిదు. 'రాముడు విజయవాడకు హైదరాబాదు నుంచి సూర్యాపేట మీదుగా బస్సులో వెళ్లాడు' అన్న వాక్యంలో తెలుగు విభక్తులతోనూ అనుబంధ పదాలతోనూ చేసే పనిని లోజ్‌బాన్ స్థానక్రమంతో చేస్తుంది. కారక ప్రకరణం చదివినవారికి ఈ భాష ఏమంత వింతగా తోచదు. 'లాగ్లాన్' అన్న పేరును వ్యాపారచిహ్నంగా నిలుపుకోవాలన్న సంస్థ ప్రయత్నం 1992లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానంలో వీగిపోయింది. అది ఒక భాషకు జాతివాచకమైన పేరని న్యాయస్థానం భావించింది.

రెండో ఉదంతం క్లింగాన్. 'స్టార్ ట్రెక్' చలనచిత్రాల కోసం భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రండ్ దీనిని నిర్మించాడు. నిఘంటువు 1985లో వచ్చింది. పరగ్రహవాసుల భాష కనుక మానవభాషలలో అత్యంత అరుదైన కర్మ-క్రియ-కర్త క్రమాన్ని కావాలని ఎంచుకొన్నాడు. 1992లో క్లింగాన్ భాషాసంస్థ ఏర్పడి పరిశోధన పత్రికను నడిపింది. షేక్‌స్పియర్ 'హామ్లెట్' అనువాదమైంది. చిత్రనిర్మాణ సంస్థ ఒక అభిమాన చిత్రంపై 2015 చివరలో వేసిన దావాలో క్లింగాన్ భాష కూడా తమ సొత్తేనన్న వాదన వచ్చింది. భాషానిర్మాతల సంఘం ఒకటి 2016లో న్యాయస్థానానికి అభిప్రాయపత్రం సమర్పించి, మాట్లాడేవారున్న భాషపై గ్రంథస్వామ్యం చెల్లదని వాదించింది. ఆ పత్రంలో క్లింగాన్ వాక్యాలను కూడా ప్రయోగించారు. ప్రశ్నకు తీర్పు రాకుండానే 2017లో వ్యాజ్యం రాజీతో ముగిసింది.

క్లింగాన్ ఈ వ్యాస ప్రతిపాదనకు పూర్తిగా ఒదగదని కూడా చెప్పాలి. అక్కడ కొత్త మాటలను అభ్యాసకులు కల్పించరు. కావలసిన మాటల జాబితా రాసి ఓక్రండ్‌కు ఇస్తారు. ఆయన ఇచ్చిన మాటే ప్రమాణం. పైకి ఇది ష్లైయర్ నిషేధాధికారమే. తేడా ఏమంటే ష్లైయర్ ఆ అధికారాన్ని అడిగి భంగపడ్డాడు. ఓక్రండ్‌కు అభ్యాసకులే ఇచ్చారు. చదరంగం ఆడేవారు గుర్రం నడకను ప్రశ్నించనట్లుగా వారు దానిని ఆట నియమంగా పాటిస్తున్నారు. ఇచ్చినవారు తిరిగి తీసుకోగలరు.

6. కిలికి, ముత్సున్

తెలుగువారు నిర్మిత భాషను విస్తృతంగా విన్నది 2015లో విడుదలైన 'బాహుబలి' చిత్రంలో. కాలకేయుల కోసం తమిళ గీతరచయిత మదన్ కార్కి సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలతో 'కిలికి'ని రూపొందించారు. చిత్రం తరువాత కూడా ఆయన పదజాలాన్ని పెంచి, లిపి చేర్చి, 2020లో అంతర్జాలం ద్వారా నేర్చుకొనే వీలు కల్పించారు. తెరమీద ఆ భాష పని భయం పుట్టించడం. ఆటవికత్వానికి గుర్తుగా నిలవడం. అర్థం తెలియని భాష మాట్లాడేవాడు క్రూరుడన్న ఆ పాత భావనను దాటి, అది నేర్చుకొనేవారి సరదా భాషగా మారుతుందా అన్నది పరిశీలించదగిన విషయం. కిలికిలో కార్కి ఇచ్చిన మాటలకు ఎన్ని కొత్త మాటలు వాడుకరుల నుంచి వచ్చి చేరుతాయన్నదే అందుకు ఆధారం. తెలుగులో నిర్మిత భాషలపై పరిశోధన చేయదలచినవారికి ఇది చేతికందే దూరంలో ఉన్న క్షేత్రం.

నిర్మిత, సహజ భాషల వ్యాసంగాలు ఒకే మనిషి దగ్గర కలిసిన మరో సందర్భం ఓక్రండ్ జీవితంలోనే ఉంది. క్లింగాన్‌కు ముందు, 1977లో ఆయన బర్క్‌లీలో సమర్పించిన సిద్ధాంతగ్రంథం ముత్సున్ వ్యాకరణం. ముత్సున్ కాలిఫోర్నియా ఆదివాసుల భాష. దానిని ధారాళంగా మాట్లాడగలిగిన చివరి వ్యక్తి అసెన్సియోన్ సొలోర్సానో 1930లో మరణించింది. ఆమె అంత్యదినాలలో జె. పి. హారింగ్టన్ మంచం పక్కన కూర్చుని రాసుకొన్న కాగితాలే ఓక్రండ్‌కు ప్రధానాధారం. మాట్లాడేవారు లేని భాషకు ఆయన రాసిన ఆ వ్యాకరణాన్ని, రెండు దశాబ్దాల తరువాత ముత్సున్ వంశీయులు చేతిలోకి తీసుకొన్నారు. 2016లో ముత్సున్-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. పాత కాగితాలలో లేని మాటలు, టెలిఫోను వంటి నేటి వస్తువుల పేర్లు, వారికి కావలసి వచ్చాయి. వాటిని ఎవరి దగ్గరకూ పంపి అడగలేదు. తమ భాషలోని ధాతువులతో తామే కూర్చుకొంటున్నారు.